ఒంటి తుమ్ము

శ్రీపతికి నడక పడదు. ఇది ఆయన దాచుకున్న సంగతీ కాదు, దాచినా దాగేదీ కాదు. తాము కాపురముండే పాయింట్ కుక్‌లో వీధి చివరి కొట్లో పాలు తేవాలన్నా కారు తీసే మనిషి. అలాంటివాడు క్వీన్స్‌లాండ్‌కి ఉత్తరాన, రోడ్డన్నదే లేని ఒక కొండల దీవి మీదికి, వీపున గోనె బస్తా అంత సంచీ వేసుకుని గైడెడ్ హైకింగుకి ఎందుకొచ్చాడయ్యా అంటే, పెళ్ళానికి మాటిచ్చాడు గనక.

మాట కూడా కాదు, షరతు. పెట్టింది నీరజ. ఆవిడ తప్పేం లేదు. ఇంతకుముందు వెళ్ళిన ప్రతి చోటా శ్రీపతి ఆవిడ సంతోషానికి అడ్డంగా చతికిలబడ్డాడు. బ్లూ మౌంటెన్స్‌లో మెట్లు దిగుతూనే, మళ్ళీ ఇవన్నీ ఎక్కాలి కదా అని ముందస్తుగా ఏడ్చాడు. టాస్మేనియాలో కొండ సగం ఎక్కి, పైనుంచి ఎలా ఉంటుందో ఫోన్లో చూస్తే సరిపోదా అన్నాడు. ఆ సగం కొండ మీద తీసుకున్న ఫొటో నీరజ ఇంకా దాచుకుంది. దాన్ని చూసినప్పుడల్లా ఆవిడ ఏమీ అనదు. పక్కన పెట్టేస్తుంది, అంతే.

అందుకని ఈసారి టిక్కెట్లు కొనేముందే చల్లగా చెప్పింది. "నా వల్ల కాదు అన్న మాట మీ నోట ఒక్కసారి విన్నానంటే, వచ్చే ఏడాది నుంచి నా హాలిడేకి నేనొక్కదాన్నే పోతాను. మీరు హాయిగా ఇంట్లో ఉండండి."

ఇంట్లో ఉండమంటే ఎగిరి గంతెయ్యాల్సిన శ్రీపతికి గుండె గుభేలుమంది. కూతురు యూనివర్సిటీ చదువుకని దూరంగా మాసన్ లేక్స్ వెళ్ళిపోయాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. నీరజ తెల్లారకుండా రైలెక్కుతుంది. ఈయన పొద్దుగూకాక ఫ్రీవే దిగుతాడు. ఏడాది మొత్తంలో మొగుడూ పెళ్ళాం నోరారా మాట్లాడుకునేది ఈ సెలవుల్లోనే, అదీ ఆయన సణుగుడు పోగా మిగిలినంత. అది కూడా పోతే ఇక ఫ్రిజ్ మీద అంటించుకునే చీటీలే గతి. శ్రీపతికి అది నిజంగా భయం. అందుకే నోటికి తాళం వేసుకుని మరీ వచ్చాడు.

వచ్చిన తరవాత తెలిసింది, పుండు మీద కారంలా తోడల్లుడు కూడా వస్తున్నాడని. నీరజ అక్క మొగుడు ద్వారకానాథ్, క్వేకర్స్ హిల్ వాస్తవ్యుడు, మారథాన్లు పరిగెత్తే మనిషి. అక్కగారికి హాస్పిటల్లో సెలవు దొరకలేదు గానీ ఈయన గారికి దొరికింది. చేతికి కట్టుకున్న వాచీ ఎంత నడిచాడో చెబితే, ఆయన దాన్ని లోకానికంతటికీ చెబుతాడు. మంచివాడే. అదే శ్రీపతి బాధ. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

నాలుగో మనిషి అత్తగారు సీతారావమ్మ. నరసరావుపేట నుంచి కూతుళ్ళని చూడ్డానికి వచ్చి, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని గోడల్ని చూడనంది. ఏటా కోటప్పకొండ మెట్లెక్కే ఆవిడ, చీర కింద స్పోర్ట్స్ షూస్ వేసుకుని, సంచీలో ఓ డబ్బా కందిపొడి దాచుకుని, అందరికంటే ముందు బోటెక్కింది. వీళ్ళందరినీ నడిపించే గైడు టెస్ అని ఎండకి రాగిచెంబులా మారిన మనిషి. మొదటి రోజే తేల్చి చెప్పింది. ఈ దీవి మీద గడియారం కంటే సముద్రపు పోటు పెద్దది. చివరి రోజున ఒక ఏటి మొగ దాటాలి. నీళ్ళు తీసినప్పుడు అక్కడ ఇసక బయటపడుతుంది, గబగబా దాటెయ్యాలి. పోటు వచ్చిందా, అది మొసళ్ళ సొత్తు. అవతల ఆగే బోటు కూడా నీళ్ళు పెరగ్గానే వెళ్ళిపోతుంది.

మొదటి రోజు రెండో కొండ కిందే శ్రీపతి పని అయిపోయింది. పిక్కలు పట్టేశాయి. నోరు తెరిస్తే షరతు, తెరవకపోతే ప్రాణం. మింగలేక కక్కలేక, టెస్ సరే పదండి అనగానే అడుగు ముందుకు వెయ్యబోయాడు. ఏ పువ్వు పుప్పొడో ముక్కుకి తగిలింది. తుమ్మాడు.

సీతారావమ్మ టక్కున ఆగిపోయింది. ఆగి, పక్కనున్న బండ మీద కూర్చుంది. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము, ఇంకేమైనా ఉందా? కాస్త కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు కదలాలి. పెద్దావిడ కూర్చుంటే మిగతావాళ్ళు నిలబడతారా? అందరూ కూర్చున్నారు. టెస్ కారణమడిగింది. ఇది మా పద్ధతి అని నీరజ చెప్పింది. ఎవరి పద్ధతిని కాదంటే ఏం తంటానో అని టెస్ కూడా మర్యాదగా కూర్చుంది.

ఆ బండ మీద కూర్చున్న కాసేపట్లో శ్రీపతికి జ్ఞానోదయమైంది.

ఇక చూడండి. కొండ వచ్చిందంటే తుమ్ము, వాగు వచ్చిందంటే తుమ్ము. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు, సరిగ్గా పదండి అన్నాకే. అత్తగారు కూర్చోవడం, అందరూ నీళ్ళు తాగడం, ఈయన బూటు విప్పి వేళ్ళు ఆడించుకోవడం. నోట్లోంచి ఒక్క సణుగుడు లేదు. నీరజ వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా నవ్వుమొహం పెట్టేవాడు. మా ఆయన మారాడని ఆవిడ మొహంలో కనిపిస్తుంటే శ్రీపతికి ఒకపక్క గర్వంగానూ, ఒకపక్క దొంగతనం చేసినట్టూ ఉండేది.

ద్వారకానాథ్‌కి రెండో రోజుకే అనుమానం వచ్చింది. వాచీలో ఆయన సగటు పడిపోతోంది మరి. జంట తుమ్ము శుభమని ఆయనకీ తెలుసు. అందుకని శ్రీపతి తుమ్మగానే వెనకనుంచి తనూ ఓ తుమ్ము జతచేసి, ఇదిగో రెండయ్యాయి, పదండి అన్నాడు. సీతారావమ్మ ఒప్పుకోలేదు. రెండూ ఒక ముక్కులోంచే రావాలి, చందాలు వేసుకుని తుమ్మితే లెక్కలోకి రాదని తీర్పు చెప్పింది. శ్రీపతి బూటు విప్పుకున్నాడు.

ఇలా పడుతూ లేస్తూ చివరి రోజుకి ఏటి మొగ చేరారు. ఈయన గారి తుమ్ముల పుణ్యమా అని ఆలస్యంగానే చేరారు. ఇసక బయటపడే ఉంది గానీ, ఒక అంచున నీళ్ళు నాలుక చాపుతున్నాయి. అవతల, చిన్న గుట్ట దాటితే బోటు. టెస్ నీళ్ళను చూసి, వీళ్ళను చూసి, ఇంక ఆగడానికి లేదు, ఒకరి వెనక ఒకరు రండి అంది.

శ్రీపతి ఆ క్షణాన తుమ్మాలనుకోలేదు. ఒట్టు. దాటేస్తే చాలు, షరతు గెలిచినట్టే అనుకుంటున్నాడు. అప్పుడే మడ చెట్ల మీదుగా గాలి వచ్చింది. ముక్కు అదిరింది. ఆపుకున్నాడు, బిగబట్టాడు, దండం పెట్టుకున్నాడు. ఒళ్ళంతా కదిలేలా తుమ్మాడు.

సీతారావమ్మ ఇసకలో కూర్చుంది.

టెస్ బతిమాలింది. ద్వారకానాథ్ బతిమాలాడు. "అత్తయ్య గారూ, టైడ్ వచ్చేస్తోంది, బోట్ మిస్ అయితే ఇక్కడే స్టక్ అయిపోతాం" అన్నాడు. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. దాటబోయేది మొసళ్ళున్న ఏరు, వచ్చింది ఒంటి తుమ్ము, కదిలితే తను కోటప్పకొండ మొహం మళ్ళీ చూడదట. నీటి నాలుక మరో బెత్తెడు సాగింది.

శ్రీపతి ఆ నీళ్ళను చూశాడు, నీరజను చూశాడు. తనవల్ల ఆవిడ మరో కొండ సగంలో ఆగిపోతోంది. నిండా మునిగాక చలేమిటి అనుకుని నోరు విప్పాడు. "అత్తయ్య గారూ, లేవండి. ఇది దొంగ తుమ్ము. ఈ నాలుగు రోజులూ నేను తుమ్మినవన్నీ దొంగవే. నడవడం నా వల్ల కాక తుమ్మాను."

అనేశాడు. ఆ మాటే, అచ్చంగా అదే మాట. నీరజ ఆయన వంక చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. టాస్మేనియా ఫొటో పక్కన పెట్టేటప్పటి చూపు అది. శ్రీపతికి ఏడుపొచ్చింది.

సీతారావమ్మ మాత్రం లేవలేదు. "నాకు తెలీదా బాబూ? నిజం తుమ్ముకి ఎవరికైనా కళ్ళు మూతపడతాయి. మీరేమో కళ్ళు బార్లా తెరుచుకుని తుమ్ముతుంటిరి. నాకూ మోకాళ్ళు లాగుతున్నాయి గదా అని కూర్చుంటా వచ్చాను. మొట్టమొదటిదీ, ఇప్పుడొచ్చిందీ, ఈ రెండే నిజంవి. కళ్ళు మూశారు, నేను చూశాను."

పరువూ పోయింది, పనీ కాలేదు.  ద్వారకానాథ్ వాచీ వంక చూడటం కూడా మానేశాడు.

కదిలింది నీరజ. తల్లి సంచీ విప్పి, కందిపొడి డబ్బా తీసి, అరచేతిలో ఇంత పోసుకుని మొగుడి ముందుకొచ్చింది. "పీల్చండి" అంది. ఎండు మిరపకాయలు దండిగా పడ్డ నరసరావుపేట కందిపొడి అది. శ్రీపతి మారు మాట్లాడకుండా ముక్కు పెట్టి పీల్చాడు.

తరవాత జరిగింది ఆ దీవి పుట్టాక ఎన్నడూ జరిగి ఉండదు. మనిషి తుమ్ముతూ గిరగిరా తిరిగాడు. ఇందాకటి ఒంటి తుమ్ముతో కలిపి సీతారావమ్మ బిగ్గరగా లెక్కపెట్టింది. రెండు అనగానే అందరూ సంచీలు ఎత్తుకున్నారు, వెంటనే మూడు వచ్చిపడింది. సరిసంఖ్య దగ్గర ఆగమని ద్వారకానాథ్ వేడుకున్నాడు. ఎందుకో తెలీకపోయినా టెస్ కూడా ఇంగ్లీషులో లెక్కపెట్టడం మొదలెట్టింది. ఏడు దగ్గర తుమ్ము ఆగిపోయింది. అందరూ ఆయన ముక్కు వంకే చూశారు. నీరజ అరచెయ్యి మళ్ళీ ముందుకు చాపింది.

ఎనిమిది.

సీతారావమ్మ లేచి చీర దులుపుకుని, ఇక దివ్యంగా ఉంది పదండి అని అందరికంటే ముందు ఇసకలోకి దిగింది. మడమలు తడిసేలోపు అందరూ అవతలి ఒడ్డున పడ్డారు.

గుట్ట ఎక్కడం మొదలెట్టారు. శ్రీపతి అందరికంటే వెనక, కళ్ళూ ముక్కూ కారుస్తూ, గాలికి తిరగబడ్డ గొడుగులా నడిచాడు. వచ్చే ఏడాది ఈ రోజుల్లో తను ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉంటాడు. నీరజ ఏ కొండ మీద ఉందో ఫోన్లో చూసుకోవాలి. నడుస్తున్నంతసేపూ అదే ఆలోచన.

గుట్ట మీదికి చేరారు. కింద బోటు కనిపిస్తోంది. టెస్ చెయ్యి ఊపి, పడవవాళ్ళు చూశారు, ఇంక భయం లేదు, కాస్త ఆగినా ఫరవాలేదంది. అయినా ద్వారకానాథ్ ఆగడే, పదండి పదండి అన్నాడు.

నీరజ తుమ్మింది.

ఒకే తుమ్ము. పొడిగా, చిన్నగా, బొత్తిగా అలవాటు లేనట్టు. సీతారావమ్మ కిక్కురుమనకుండా ఓ రాయి చూసుకుని కూర్చుంది. శ్రీపతి గబగబా నీళ్ళ సీసా తీసుకుని భార్య దగ్గరికి వెళ్ళాడు. వెళ్తూ ఆవిడ మొహం చూశాడు. తుమ్మినప్పుడు కూడా ఆ కళ్ళు రెండూ బార్లా తెరిచే ఉన్నాయి.

నీరజ మెల్లగా బూటు విప్పింది. మడమ దగ్గర మేజోడు చర్మానికి అంటుకుపోయి ఉంది. శ్రీపతి మోకాళ్ళ మీద కూర్చుని, సీసాలో నీళ్ళు పోసి మెల్లగా తడిపి తీశాడు. తోలు లేచిపోయి ఉంది. ఎప్పటినుంచి అని అడిగాడు.

"మొదటి రోజు నుంచీ. షరతు పెట్టినదాన్ని, నా వల్ల కాదని నేనెట్లా అంటాను?"

శ్రీపతి తన సంచీ విప్పాడు. గాయానికి ప్లాస్టర్ అంటించి, ఆ కాలు తన ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు. ద్వారకానాథ్ కూడా చేసేదిలేక కూర్చుని, చివరికి తన బూటు విప్పాడు.

నీరజ చెయ్యి చాపి తల్లి సంచీ దగ్గరికి లాక్కుంది. అందులోంచి కందిపొడి డబ్బా తీసి తన సంచీలో వేసుకుంది.

"వచ్చే ఏడాది ఇది నేనే మోస్తాను," అంది. "మీ ముక్కుకి దగ్గరగా ఉంటుంది."