వేడి బిళ్ళ

"రొయ్యల గిన్నె తప్ప ఇంట్లో ఏది కావాలన్నా తీసుకో బాబూ" అని రాజమ్మ మళ్ళీ అంది.

"మిగతావేవీ లోతు లేవత్తయ్యా. బిళ్ళ అడుక్కి తగలకుండా నీళ్ళలో వేలాడాలి" అని అల్లుడు చిన్నబాబు మళ్ళీ అదే జవాబు చెప్పాడు.

"చెంబులో వేలాడదియ్యి."

"చెంబులో పెడితే లోపల ఏం జరుగుతుందో ఏం కనబడతదమ్మా?" అంది కూతురు కుమారి. ఆమె చేతిలో పొడుగాటి గాజు థర్మామీటరుంది. తను పనిచేసే చిలకలపూడి రోల్డుగోల్డు షాపులో, పూత పూసే నీళ్ళ వేడి చూసేది అది. పొద్దున్నే తెచ్చిచ్చేస్తానని ఓనరుని బతిమాలి తెచ్చింది.

మంచమ్మీంచి రాజమ్మ అత్తగారు కోటమ్మ అందుకుంది. "ఇంజను ముక్క ఉడకేసిన గిన్నెలోనే రేపు నాకు కూర వండుతారు. నాకెందుకులే, ఆ కూర కూడా బోటుకే పెట్టండి."

వసారాలో పక్కింటాయన వల బాగుచేసిపెడుతున్న రాజమ్మ మొగుడు పోతురాజు తలెత్తలేదు. "ఎవరో ఏదో ఉడకబెట్టుకుంటారంట, మధ్యలో మనకెందుకే" అని గోడకి చెప్పాడు. అల్లుడితో మాటలు మానేసి చాలా రోజులైంది. చెప్పాల్సింది ఏదైనా ఉంటే గోడకో, వలకో, కన్నతల్లికో చెబుతున్నాడు.

రాజమ్మ చివరికి గిన్నె దించింది. పట్టుదల తగ్గి కాదు, భయమేసి. ఈ బిళ్ళ కూడా పనికి రాకపోతే నెలాఖరుకి చిన్నబాబు గుడివాడ వెళ్ళిపోతాడు. అక్కడ అతను ఇదివరకు పనిచేసిన ట్రాక్టర్ల షెడ్డాయన కబురు మీద కబురు పెడుతున్నాడు. అతనెళ్తే కుమారీ వెళ్తుంది. పెళ్ళైన పిల్ల మొగుడి వెంట వెళ్ళడం లోకంలో లేని సంగతేం కాదు. కానీ ఈ అల్లుడంటే రాజమ్మకి ప్రాణం. సముద్రం పని నేర్చుకుంటానని తనంతట తనే బందరు వచ్చాడు. బోటెక్కితే కడుపులో దేవేసి, దిగేసరికి ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. మర్నాడు మళ్ళీ ఎక్కేవాడు. తిన్న కంచం తనే కడిగేసి, "చారు బాగుందత్తయ్యా" అనేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో పోతురాజు నోట ఆ మాట ఒక్కసారీ రాలేదు.

పోతురాజుది వల వేసే బోటు కాదు. లోతు సముద్రంలో రోజుల తరబడి ఉండిపోయే పెద్ద బోట్ల దగ్గరికెళ్ళి, వాళ్ళు పట్టిన సరుకుని ఐసులో వేసుకుని, వేలంపాట మొదలయ్యేలోగా గిలకలదిండి హార్బరుకి చేర్చే వేగం బోటు. సన్నటి ఫైబరు ఒళ్ళు, దాని బలానికి మించిన డీజిలింజను. దాన్ని దాటి ఇంకో బోటు ముందు రాకూడదని పోతురాజు పంతం.

ఆ ఇంజను చల్లబడేది సముద్రపు నీళ్ళతోనే. పంపు నీళ్ళు లాగుతుంది, అవి ఇంజను లోపలంతా తిరిగి పక్కనున్న గొట్టంలోంచి బయట పడతాయి. దారిలో ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది, థర్మోస్టాట్ అంటారు. ఇంజను తగినంత వేడెక్కేదాకా నీళ్ళకి అడ్డుపడి, ఆ తర్వాత తెరుచుకోవడం దాని పని. ఇంజను కొన్నరోజే పోతురాజు దాన్ని పీకి పారేశాడు. హార్బరులో అందరూ చేసేదీ అదే. "చుట్టూ సముద్రముంటే నీళ్ళకి మూతేంటి? ఇంజను ఎంత చల్లగా ఉంటే అంత మంచిది" అంటారు.

దాంతో ఆ ఇంజను ఎప్పుడూ పడిశం పట్టినదానిలా ఉండేది. తెల్లటి పొగ కక్కేది, డీజిలు తాగేది, అందుకోవాల్సిన వేగం అందుకునేది కాదు. "కాస్త వేడి తగలకపోతే డీజిలు సరిగ్గా మండదు మావయ్యా, పచ్చికట్టెల పొయ్యిలాగా" అని చిన్నబాబు గుడివాడ నుంచి ట్రాక్టరు థర్మోస్టాట్ తెచ్చి బిగించాడు. బోటు ఎగిరిపోయింది. పోతురాజు హార్బరంతా తిరిగి "మా అల్లుడు, మా అల్లుడు" అని చెప్పుకున్నాడు.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకరోజు నడి సముద్రంలో ఇంజను కాగి కాగి ఆగిపోయింది. పక్క బోటువాళ్ళు తాడు కట్టి ఈడ్చుకొచ్చారు. సరుకు పాడైన దానికంటే, ఇంకొకళ్ళ తోకకి వేలాడుతూ హార్బరులోకి రావడం పోతురాజుకి ఎక్కువ తగిలింది. గట్టు మీద అందరూ వింటుండగా, "ట్రాక్టర్లు తోలుకునేవాణ్ణి సముద్రమ్మీదికి తెచ్చుకోవడం నాదే బుద్ధితక్కువ" అనేశాడు. చిన్నబాబు గుడివాడకి, నెలాఖరుకల్లా ఏ సంగతీ చెబుతానని కబురు పంపాడు.

మర్నాడు రాజమ్మ హార్బరుకి అన్నం పట్టుకెళ్ళేసరికి అతను ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. నీళ్ళు తిరిగే దారుల్లో తెల్లగా ఏదో గట్టిగా పేరుకుపోయి ఉంది. రాజమ్మ గోటితో గీకి నాలిక్కి తగిలించుకుంది.

"ఇదేంటి బాబూ, నా రొయ్యల గిన్నెకి పట్టినట్టు పట్టింది!"

"మీ గిన్నెకా?"

"రొయ్యలు ఎండబెట్టేముందు ఉప్పునీళ్ళలో ఉడకేస్తాను కదా. మంట ఎక్కువైందంటే అంచులన్నీ ఇలాగే గార కట్టేస్తాయి. అందుకే సన్న సెగ మీద పెడతాను. మీ గుడివాడ ట్రాక్టర్లలో ఏ నీళ్ళు పోస్తారు?"

"కాలవ నీళ్ళు" అన్నాడు చిన్నబాబు. రెంచి కిందపెట్టి నుదురు కొట్టుకున్నాడు. "ట్రాక్టరు బిళ్ళ ఎనభై డిగ్రీలు దాటితేగాని తెరుచుకోదత్తయ్యా. ఆ వేడికి ఉప్పు పేరుకోదా మరి! అరవై దగ్గర తెరుచుకునేది వెయ్యాలి. మావయ్య చేసిందీ తప్పే, నేను చేసిందీ తప్పే."

ఆ గార కరగడానికి రాజమ్మ చింతపండు పిసికి వేడి పులుసు ఇచ్చింది. అది ఇంజనులో నింపి నానబెడుతుంటే, "రాజమ్మక్క అల్లుడికే కాదు, బోటుకీ పులుసు పెడుతోందిరోయ్" అని హార్బరు హార్బరంతా నవ్వింది. చిన్నబాబు బెజవాడ వెళ్ళి, వెతికి వెతికి అరవై బిళ్ళ తెచ్చాడు. దుకాణం వాడి మాట నమ్మి మళ్ళీ సముద్రమ్మీదికి వెళ్ళే ధైర్యం మాత్రం అతనికి లేదు. అందుకే ఈ పొయ్యీ, ఈ గిన్నే.

నీళ్ళు కాగుతున్నాయి. దారానికి కట్టిన బిళ్ళ గిన్నె మధ్యలో వేలాడుతోంది. కుమారి థర్మామీటరు చూసి పైకి చెబుతోంది. నలభై. యాభై. బిళ్ళలో చలనం లేదు.

"మీ మావయ్య నోరులాగే ఉందిరా అబ్బాయ్, తెరుచుకునేట్టు లేదు" అంది కోటమ్మ.

చిన్నబాబు నవ్వలేదు. రాజమ్మ ఒక పుల్ల వెనక్కి లాగి సెగ తగ్గించింది.

"అరవై" అంది కుమారి.

బిళ్ళ నడుమ సన్నటి సందు కనిపించింది. చూస్తుండగానే వెడల్పయింది. చిన్నబాబు దాన్ని పైకెత్తి గాలికి పట్టుకుంటే, చల్లారుతూ మెల్లగా మళ్ళీ మూసుకుంది. రాజమ్మ వెనక్కి తిరిగి చూసేసరికి పోతురాజు వల వదిలేసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఇంకోసారి పెట్టమను" అన్నాడు గోడతో.

ఇంకోసారి పెట్టారు. తెరుచుకుంది. "ఇంకోసారి" అన్నాడు. కుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మర్నాడు బోటు తిరిగొచ్చేవేళకి రాజమ్మ పని కల్పించుకుని హార్బరుకి వెళ్ళింది. దూరాన్నించే ఇంజను చప్పుడు గుర్తుపట్టింది, పొగ మాత్రం కనబడలేదు. బోటు గట్టుకి ఆనగానే పోతురాజు వంగి, గొట్టంలోంచి పడుతున్న నీళ్ళ కింద అరచెయ్యి పెట్టాడు, చంటిపిల్లకి నీళ్ళు పోసేముందు చూసినట్టు. చెయ్యి తీశాడు, మళ్ళీ పెట్టాడు. అల్లుడితో మాత్రం ఒక్క మాటా లేదు. ఇంటికొచ్చాక రాజమ్మే అడిగింది. "ఎలా ఉందయ్యా?"

"ఇప్పుడేం తెలుస్తది? పోయినసారీ ముందు బాగానే ఉంది."

ఆ మాట నిజమే. అందుకని రాజమ్మ ఇంక అడగలేదు. నెలాఖరు దగ్గర పడుతుంటే కుమారి చీరలు మడతపెట్టడం చూసి, ఉతికిన బట్టలేలే అని తనకి తానే సర్దిచెప్పుకుంది. ఆ ఆదివారం చిన్నబాబు ఇంజను మూత విప్పాడు. పోతురాజు పక్కనే గొంతుక్కూర్చుని, నీళ్ళ దారిలోకి వేలు పోనిచ్చి నాలిక్కి రాసుకున్నాడట. గార లేదు. ఆ సంగతి చిన్నబాబే వచ్చి చెప్పాడు. "మరి ఏమన్నాడు?" అంటే, "ఏమీ అనలేదత్తయ్యా" అన్నాడు.

ఆ సాయంత్రం అందరూ అన్నాలకి కూర్చున్నారు. పోతురాజు పులుసు కలుపుకుంటూ, కంచంలోకి చూస్తూనే, "ఇందాక ఎస్టీడీ బూత్ నుంచి గుడివాడకి ఫోన్ చేశాను. మావాడు రాడు, ఇంకో మనిషిని చూసుకోమన్నాను" అన్నాడు.

అందరి చేతులూ ఆగిపోయాయి.

పోతురాజు తలెత్తి అల్లుడివైపు తిరిగాడు. "ముందు నిన్నడగాల్సింది చిన్నబాబూ. ఇప్పుడడుగుతున్నాను. వెళ్తానంటే మళ్ళీ నేనే ఫోన్ చేస్తా. ఆ రోజు గట్టు మీద నోరుజారాను. రేపు ఆ గట్టు మీదే నలుగుర్లోనూ చెప్తాను, తప్పు నాదేనని."

"అదేం వద్దులే మావయ్యా" అన్నాడు చిన్నబాబు. "ఉంటాను."

రాజమ్మ అతని కంచంలో ఇంకో చేపముక్క వేసింది. ఎందుకైనా మంచిదని మొగుడి కంచంలోనూ ఒకటి వేసింది.

"అయితే అందరూ వినండి" అన్నాడు పోతురాజు, గొంతు పెంచకుండా. "అబ్బాయికి సముద్రం పడటం లేదు. రేపట్నుంచి బోటెక్కడు, గట్టు మీదే ఉండి ఇంజను చూసుకుంటాడు. అతన్ని అడక్కుండా ఆ ఇంజను మూత మీద ఎవరూ చెయ్యెయ్యకూడదు. నేను కూడా."