సినిమాలో లేని నడిపిది

తమ్ముడు సినిమా తీస్తున్నాడని తెలిసినప్పటి నుంచి నడిపి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. బస్సులో టిక్కెట్లు కొట్టే మనిషి. ఎక్కిన ప్రతివాళ్ళకీ చిల్లరతో పాటు ఆ కబురు కూడా చేతిలో పెట్టేది. కథ ఎవరిదో కాదు, సాక్షాత్తూ తమ ఇంటిదే. నాన్న పనిచేసే నూలు మిల్లు మూతపడి, వీధిలో సగం పొయ్యిలు చల్లారిపోయిన రోజుల్లో, రెండు గదుల కొంపలో నలుగురు పిల్లలు ఎలా పెరిగారన్నదే సినిమా. పెద్దక్క, నడిపి, చిన్నది, ఆఖరున వంశోద్ధారకుడు ఈ తమ్ముడు.

అలాంటిది ఓ సాయంత్రం బస్సు డిపోలో ఉండగా ఫోన్ వచ్చింది.

“నడిపక్కా, కథలో ఒక చిన్న మార్పు. నలుగురు పిల్లలైతే చూసేవాళ్ళు తికమక పడతారట. పైగా ఖర్చు. అందుకని నిన్ను పెద్దక్కలో కలిపేశాం.”

“కలిపేయడమేంట్రా, నేనేమన్నా బస్సు రూటునా?”

“నువ్వు చేసినవన్నీ ఉంటాయక్కా. కాకపోతే పెద్దక్క చేస్తుంది, అంతే.”

నడిపికి ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళుగా బస్సులో తలలు లెక్కపెట్టే మనిషిని ఇంటి తలల్లోంచి తీసేశారు. అలా ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. సినిమాకు డబ్బు పెడుతున్నది పెద్దక్క మొగుడు, పరుపుల దుకాణం బావగారు. ఆయన డబ్బుతో తీసే సినిమాలో ఆయన పెళ్ళాం వేషం తగ్గుతుందా?

అన్నిటికన్నా కడుపు మండింది ఉల్లిపాయ దగ్గర. పొయ్యి వెలగని రోజున వీధికి తెలిస్తే పరువు పోతుందని, నడిపి ఎనిమిదేళ్ళ వయసులో ఒకే ఒక్క ఉల్లిపాయను కిటికీ పక్కన కూర్చుని వేయించేది. ఆ ఘుమఘుమలకు పక్కింటావిడ గిన్నె పట్టుకుని దిగేది. “ఇప్పుడే అయిపోయింది పిన్నీ, నిమిషం ముందు రావాల్సింది” అని నడిపి మొహం చిన్నబుచ్చుకునేది. ఆ ఉల్లిపాయ కూడా అక్కకే వెళ్ళింది. అడుగుదామని ఫోన్ చేస్తే అక్క ఏమాత్రం తడబడలేదు.

“ఏమోనే, వాడు రాసింది చదువుతుంటే నేనే వేయించినట్టు గుర్తొస్తోంది. నూనె చిందిన మచ్చ కూడా ఎక్కడో ఉండాలి, వెతుకుతున్నా.”

మర్నాడు నడిపి సెలవు పెట్టి, నాలుకకు పదును పెట్టుకుని, షూటింగ్ జరిగే చోటికి బయల్దేరింది. అది బావగారి పరుపుల గోదామే. మధ్యలో చెక్కలతో రెండు గదుల ఇల్లు కట్టి, గోడలకు బ్రష్షుతో పొగ మసి పూస్తున్నారు. ఓ మూల కుర్చీలో అమ్మ, పక్కనే మెడ నిక్కించుకుని అక్క. బావగారు ఆ కటిక పేద ఇంట్లోకి కొత్త పరుపొకటి తోస్తుంటే, తమ్ముడు బయటికి తోస్తున్నాడు.

“ఎంత కష్టకాలమైనా నడుం నొప్పి ఉండదటయ్యా?” అంటున్నారు బావగారు.

నడిపి గొంతు సవరించుకునేలోపే తమ్ముడు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. అమ్మ వేషం కట్టాల్సిన నటి ఇంకో సినిమాకు వెళ్ళిపోయిందట. “అమ్మ పోలికలన్నీ నీవేనక్కా. ఈ ఒక్క పూటకు నువ్వు కట్టు. నా పరువు నీ చేతుల్లో ఉంది.”

“నా ఇంట్లో నాకే చోటు లేదన్నావు. ఇప్పుడు అమ్మ వేషానికి పనికొచ్చానా?” అందే గానీ నడిపి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పోట్లాటకు వచ్చిన మనిషికి ఏడుపు రావడం ఎంత నామోషీ. పోనీ, ఏదో ఒక మొహంతో ఆ ఇంట్లో ఉంటాను కదా అనుకుని, వెలిసిపోయిన బట్టలు కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది.

రాత్రి భోజనం ఘట్టం. ఎదురుగా ముగ్గురు పిల్లలు: పెద్ద పిల్ల, చిన్న పిల్ల, ఆఖరున తమ్ముడి వేషం కట్టిన బొద్దు కుర్రాడు. తపేలాలో నిజంగానే కాచిన జావ. నడిపి గరిటెతో మూడు గిన్నెల్లోకీ పోసింది. మొదటి దాంట్లో పడ్డవి నీళ్ళు. రెండో దాంట్లోనూ అవే నీళ్ళు. తపేలా వంచేసరికి అడుగున పేరుకున్న గింజలన్నీ దబ్బున కుర్రాడి గిన్నెలో పడ్డాయి.

“ఆపండి,” అన్నాడు కెమెరా వెనక ఉన్నాయన. “వాడి గిన్నె చూస్తే కష్టకాలంలా లేదు, పెళ్ళి భోజనంలా ఉంది.”

“అక్కా, ఈసారి గరిటెతో బాగా కలిపి పొయ్యి,” అన్నాడు తమ్ముడు.

“కలపకు,” అంది కుర్చీలోంచి అమ్మ.

అందరూ అటు తిరిగారు. పొద్దుట్నుంచీ అమ్మ నోరు విప్పడం అదే మొదటిసారి.

“నేనెప్పుడూ కలిపేదాన్ని కాదు. కలిపితే అందరికీ నీళ్ళే. కలపకపోతే ఒక్కరి కడుపులోకన్నా నాలుగు గింజలు పోయేవి.”

తమ్ముడి కళ్ళు చెమర్చాయి. “ఆ ఒక్కణ్ణీ నేనే కదమ్మా?”

“నువ్వా? నీకప్పటికి పళ్ళే రాలేదు. నువ్వు రాసుకున్నవన్నీ నడిపిది నిన్ను జోకొడుతూ చెప్పిన కబుర్లేగా. నీ మొహం, నీకేం తెలుసు?”

తమ్ముడు చేతిలో కాగితాల వైపు చూసుకున్నాడు. ‘నా బాల్యం’ అని రాసి ఉంది.

“మరి ఎవరికి పోసేదానివమ్మా?” అంది అక్క.

“కుళాయి దగ్గర్నుంచి ఆఖరున వచ్చేదానికి. నడిపిదానికి. పుట్టడమే పిట్టంత పుట్టింది, దక్కదన్నారు. మీ ముందు పోస్తే మీరు ఊరుకుంటారా? అందుకే సరిగ్గా తిండి వేళకి దాన్ని నీళ్ళకు తోలేదాన్ని. మీరు తాగి లేచాక దానికి పోసేదాన్ని.”

నడిపి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. చీకట్లో బిందె మోసుకొచ్చి, అందరూ తిని లేచాక ఒంటరిగా కూర్చుని తిన్న రాత్రులన్నీ కళ్ళ ముందు తిరిగాయి. మిగిలింది పెడుతోంది, నేనంటే లెక్కలేదు అని ఇన్నేళ్ళూ ఉడికిపోయింది. తన గిన్నెలో గింజలుంటే అందరి గిన్నెల్లోనూ ఉన్నాయనుకుంది. సంతోషం ముంచుకొచ్చింది, వెనకాలే సిగ్గూ వచ్చింది.

అక్క మాత్రం ఒంటికాలి మీద లేచింది. “అంటే నాకు పోసింది నీళ్ళా? ఆకలి, ఆకలి అంటుంటే నాకేదో పట్టిందని తాయెత్తు కట్టించావు కదమ్మా.”

“నువ్వు గట్టి పిండానివి. తట్టుకున్నావు,” అంది అమ్మ, తప్పు చేసినట్టు ఏమాత్రం లేకుండా.

బావగారు కల్పించుకున్నారు. “పోనీ, ఇంకో పిల్లను పెట్టుకుందాం. పరుపు ఒక్కసారి చూపిస్తే ఖర్చు సరిపోతుంది.”

“అక్కర్లేదు బావా,” అన్నాడు తమ్ముడు. కాసేపు తల గోక్కున్నాడు. “నన్నే తీసేయండి. అమ్మ ఒళ్ళో గుడ్డల మూట పెడితే చాలు. ఈ కుర్రాడి బదులు నడిపక్కను తీసుకొద్దాం. ఉల్లిపాయ కూడా తనకే.”

బొద్దు కుర్రాడు ఏడుపు లంకించుకున్నాడు. వాణ్ణి ఊరుకోబెట్టడానికీ, నడిపంత సన్నటి పిల్లను వెతకడానికీ జనమంతా గోదాము బయటికి పోయారు. బావగారు ఇదే సందని పరుపు మళ్ళీ లోపలికి తోశారు.

అక్క వచ్చి ఆ పరుపు మీద కూలబడింది. గింజలున్న ఆఖరి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, చల్లారిన ఆ ముద్దను వేళ్ళతో తీసి తినడం మొదలుపెట్టింది. నడిపి మొదటి గిన్నె అందుకుని పక్కనే కూర్చుంది.

“ఉప్పు లేదేమే?” అంది అక్క, నోటినిండా పెట్టుకుని.

“అప్పుడూ లేదక్కా,” అంటూ నడిపి తన గిన్నెలో నీళ్ళు చివరిదాకా తాగింది.