గోడవైపు పూలు

తడిమట్టి వాసన. పచ్చి గుమ్మడాకు వాసన. ఇంకా ఎండ దిగని పెరట్లో పాదాల కింద చల్లగా నేల.

ఇవాళ విచ్చింది.

అరచేయంత పసుపు పువ్వు. దాని కింద ఉసిరికాయంత పిందె, నూగుతో, ఆకుపచ్చగా. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. లేచి వెళ్ళి కళ్ళద్దాలు తెచ్చుకుని మళ్ళీ చూశాను.

పొద్దెక్కితే ముడుచుకుపోతుంది. మళ్ళీ విచ్చుకోదు. ఈలోగా మగ పువ్వు పుప్పొడి తగిలితే కాయ... లేదంటే పిందె పసుపెక్కి, మెత్తబడి, రాలిపోతుంది.

రెండు అలాగే రాలాయి. ఇది మూడోది. వేసవి ముదురుతోంది, తీగ మొదట్లో అప్పుడే ఎండుతోంది. ఇక పూసేలా లేదు.

అమ్మ గింజ ఇది.

ఏటేటా ఒక కాయని కోయకుండా ముదరనిచ్చి, గింజలు బూడిదలో పొర్లించి, డబ్బాలో దాచేది అమ్మ. అమ్మ పోయాక అన్నీ పంచుకున్నాం అక్కా నేనూ — ఇల్లు, పెరడు, గిన్నెలు, చివరికి ఆ గింజలు కూడా. మధ్యలో గోడ లేపాం. నా వాటాకి వచ్చిన గింజలన్నీ ఈ ఏడు నాటితే ఒక్కటే మొలిచింది. డబ్బా ఖాళీ.

ఈ పిందె నిలవకపోతే అమ్మ గుమ్మడి నా పెరట్లో ఇంతటితో సరి.

తేనెటీగలేవీ? వీధిలో దోమల మందు పొగ వదిలి వెళ్ళారు. అప్పట్నుంచి ఒక్కటీ రాలేదు. చీమలు వస్తాయి, వరస కట్టి పువ్వు అంచుదాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరుగుతాయి. ఉడుత వస్తుంది, నన్ను చూసి నానా తిట్లూ తిడుతుంది. తేనెపిట్ట మందారం దగ్గరే ఆగిపోతుంది. ఒక్కసారి ఇటు రావే తల్లీ... రాదు.

పోనీ, మగ పువ్వులు?

నేనే తుంచేశాను.

అన్నీ. నా చేతులు పడిపోను! కాయ కాయని పూలు తీగ బలమంతా తినేస్తాయని మొగ్గగా ఉండగానే రోజూ తుంచేశాను. అమ్మ తుంచడం చూశాను మరి. కొన్ని వదిలేదని చూడలేదు. ఎలా చూస్తాను — పొద్దున ఏడుకల్లా నేను బస్టాండులో ఉండేదాన్ని. అమ్మ పక్కన పెరట్లో ఉన్నది అక్క.

బస్టాండులో మైకు నాది. ఇరవై రెండేళ్ళుగా. "ప్రయాణికులకు గమనిక" అంటే నేనే. రోజంతా మాట్లాడతాను. వేలమంది వింటారు. ఒక్కరూ బదులు చెప్పరు. సాయంత్రం తాళం తీసుకుని ఇంట్లోకి వస్తే ఉలుకూ పలుకూ ఉండదు. ఒంటరిగా ఉన్నాను. ఆ మాట పైకి అనడానికైనా వినే మనిషి ఒకరుండాలి కదా.

తలెత్తి చూస్తే గోడ మీద అక్క తీగ.

ఎంత పొగరుగా పాకిందో! గోడ నెత్తికెక్కి, ఎండ కోసం అటు తిరిగి, పూలే పూలు. సన్నటి కాడల మీద నిలబడ్డ మగ పూలు. ఇక్కణ్ణుంచి పసుపు అంచులు మాత్రం కనిపిస్తాయి. చేతికి అందవు.

ఒక్కటి చాలు.

"అక్కా, ఒక పువ్వివ్వవే" — అంతే. అంతకన్నా మాట అక్కర్లేదు.

మూడేళ్ళుగా మా మధ్య ఆ మాత్రం మాట కూడా లేదు.

అమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజు అక్క ఫోన్ చేసింది. షిఫ్టు అయ్యాక వస్తానన్నాను. వెళ్ళేసరికి అమ్మ లేదు.

"బస్సులన్నీ పంపించేసి వచ్చావా?" అంది అక్క.

"ఇంట్లో ఖాళీగా ఉంటావు, నీకేం" అన్నాను నేను.

పదేళ్ళు అమ్మని ఎత్తి దించిన మనిషితో ఆ మాట అన్నాను.

అప్పట్నుంచి గోడకి అటు నీళ్ళ పైపు చప్పుడు. ఇటు నా దగ్గు. పొద్దున్నే దగ్గుతాను — కావాలనే. అటు పైపు ఒక్క క్షణం ఆగుతుంది. మళ్ళీ మొదలవుతుంది. అలిగింది గానీ వింటోంది, అనుకునేదాన్ని. ఆ ఒక్క క్షణం కోసమే పెందలాడే లేచేదాన్ని.

ఇవాళా పైపు చప్పుడు వినిపిస్తోంది.

గోడ దగ్గరికి వెళ్ళాను. నోరు తెరిచాను. బస్టాండంతా మోగే గొంతు ఒక్క ఇటుక గోడ దాటలేదు. సిగ్గు. పంతం. పిలిచాక పలకదేమోనని భయం...

దగ్గాను.

పైపు ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఇంకో పావుగంటలో డ్యూటీకి బయల్దేరాలి. తిరిగొచ్చేసరికి పువ్వు ఉండదు. స్టూలు తెచ్చి, గోడకి ఆనించి, ఎక్కాను.

అక్క లేదు.

ఎవరో నర్సు. రాత్రి డ్యూటీ బట్టల్లోనే, నిద్రకళ్ళతో, పైపు పట్టుకుని.

"మీరేనా చెల్లెలుగారు?" అంది. "రోజూ దగ్గుతారు. మందేం వాడట్లేదా అండీ?"

"అక్క ఏది?"

"అయ్యో, మీకు తెలీదా? మోకాళ్ళు బొత్తిగా పనిచెయ్యట్లేదని వాళ్ళమ్మాయి రేవు పట్నం రమ్మంది. ఇక అక్కడే ఉంటారట. నేను అద్దెకొచ్చి నెల దాటింది కదండీ."

నెల. నెల్లాళ్ళుగా ఎవరో పిల్ల మీద అలిగి కూర్చున్నాను.

"ఒక పువ్వు కావాలి" అన్నాను.

"మీకోసమే ఉంచాను, కోసుకోండి. వెళ్తూ వెళ్తూ ఆవిడ ఒకటే చెప్పారు — గోడవైపు పూలు ముట్టుకోకు, మా చెల్లి తనవన్నీ తుంచేసుకుంటోంది, దానికి కావాల్సొస్తాయి అని."

చూసిందన్నమాట. ఈ గోడ మీంచి ఎప్పుడో నన్ను చూసింది. నేను తల ఎత్తలేదు.

నర్సు ఇంకా చెబుతోంది. "బస్సెక్కించడానికి నేనే వెళ్ళాను. ఏడున్నర బస్సు. మైకులో పిలుపు రాగానే బెంచీ మీద కూర్చుండిపోయారు. అది మా చెల్లే, కాసేపు విననీ అన్నారు. మూడోసారి పిలిచేదాకా ఎక్కలేదండీ."

ఆ రోజు ఏదో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఏడున్నర బస్సు రోజూ ఉంది. రోజూ మూడుసార్లు పిలుస్తాను. ఏ రోజూ వేరుగా లేదు.

పువ్వు కోశాను. కిందికి దిగాను. రేకులు వలిచి, మధ్యలో ఉన్న పుప్పొడి కాడని పిందె పువ్వు నడిబొడ్డున రాశాను, మెల్లగా, చుట్టూ. రేకులు దగ్గరికి చేర్చి దారం కట్టాను. నిలుస్తుందో లేదో వారానికిగానీ తెలీదు.

డ్యూటీకి వెళ్ళాను.

ఏడూ ఇరవై. మైకు బటన్ నొక్కాను. "ప్రయాణికులకు గమనిక. రేవు పట్నం వెళ్ళే ఏడున్నర బస్సు నాలుగో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది."

రెండోసారి చెప్పాను.

మూడోసారి చెప్పాను.

బటన్ మీంచి వేలు తియ్యలేదు. స్టాండంతా నా ఊపిరి వినిపిస్తోంది...

"మేడమ్, మైకు ఆన్‌లోనే ఉంది" అన్నాడు పక్క కుర్చీలోని కంట్రోలరు.

తెలుసు.

"అక్కా" అన్నాను.

గది అద్దంలోంచి అంతా కనిపిస్తోంది. ఆ బెంచీల మీద ఎంతమంది అక్కలో — అందరూ తలెత్తారు. పిల్లకి పాలు పడుతున్నావిడ. టీ గ్లాసు ఊదుకుంటున్నావిడ. నాలుగో ప్లాట్‌ఫారం దగ్గర ఒక పెద్దావిడ, బస్సు మెట్టు మీద వేసిన కాలు వెనక్కి తీసుకుని, సంచీ కింద పెట్టి, చుట్టూ వెతుక్కుంది — ఏ చెల్లెలు పిలిచిందా అని.