నవ్వుతారేమోనన్న భయం

"అమ్మా, ఆ మాట అలా పలకరు!" అంటూ పదేళ్ల కూతురు పకపకా నవ్వింది. బూట్లు తొడుక్కుంటున్న తండ్రీ నవ్వాడు. ఇంట్లో నవ్వులే కదా అనుకుంటాం. తల్లి చదవడం ఆపేసి, చేతిలోని కాగితం మడిచేయడం మాత్రం ఎవరూ గమనించలేదు.

సొంత దేశంలో ఆమె పన్నెండేళ్లు నర్సుగా చేసింది. ఇక్కడ భాష రాక, ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఆ మధ్యాహ్నం భాషా తరగతిలో ఐదు నిమిషాలు మాట్లాడితేనే పై తరగతికి పంపుతారు. అది దాటితే మళ్లీ నర్సు పని దొరకవచ్చు.

తరగతిలో తన పేరు పిలవగానే ఆమె ముందున్న బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. పర్యావరణం గురించి పక్కింటావిడతో రాయించి బట్టీపట్టిన ప్రసంగంలో మొదటి వాక్యమే గుర్తు రాలేదు. చేతిలోని కాగితం విప్పబోయింది.

"ఆ కాగితం పక్కన పెట్టమ్మా. నీకు బాగా తెలిసింది, చిన్న చిన్న మాటల్లో చెప్పు," అన్నారు మాస్టారు.

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. "చెయ్యి ఉడికింది..." 'కాలింది' అనబోయి అలా అంది. వెనక వరసలో కూర్చున్న టాక్సీ డ్రైవర్ ఒకతను కిసుక్కున నవ్వాడు. పారిపోదామనిపించినా బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"లాండ్రీలో ఒకావిడ చెయ్యి. అందరూ మంచుగడ్డలు పెట్టారు. తప్పు. కుళాయి నీళ్లు, ఇరవై నిమిషాలు. నాకు తెలుసు. నేను చెప్పలేదు. మీరిలా నవ్వుతారని భయం. ఇప్పుడు ఆమె వేళ్లు సరిగా వంగవు."

డ్రైవర్ తలొంచుకుని అడిగాడు, "అక్కా, బొబ్బలొస్తే చిదపొచ్చా?"

"వద్దు! అస్సలు ముట్టుకోవద్దు!" ఈసారి మాట తడబడలేదు. ఇంకొకరు అడిగారు, మరొకరు అడిగారు. ఐదు నిమిషాలు కాస్తా పావుగంట అయింది.

మాస్టారు ఆమె పేరు పై తరగతి జాబితాలో రాసి, అందరివైపూ తిరిగారు.

"ఈవిడ మాటల్లో తప్పులు ఎన్నున్నాయో నేను లెక్కపెట్టలేదు. విన్నవాళ్లకు అర్థమైందా లేదా, అదే చూశాను. తప్పు మాట్లాడినవాళ్లు రేపు దిద్దుకుంటారు. కానీ మనం నవ్వి ఒకరి నోరు మూయిస్తే, వాళ్లు చెప్పాల్సిన మంచి మాట ఎవరి ప్రాణానికి అవసరమో మనకేం తెలుసు?"