బాలవ్వను ఇంటికి తెచ్చిన కరెంటు కారు

భూపతి కారు సంగతి కోహెడలో తెలియనివాళ్లు లేరు. తెలియకుండా ఉండనిస్తే కదా! సగం పెట్రోలుతో, సగం కరెంటుతో నడిచే ఆ కారును హైదరాబాద్‌లో ఎవరో వాడి అమ్మేస్తే కొనుక్కొచ్చాడు. పెట్రోలు సీసా మూత తీసి వాసన చూపిస్తే చాలు, హుస్నాబాద్ దాకా వెళ్లి తిరిగొచ్చేస్తుందని చెప్పేవాడు. ఊరి కుక్కలు కూడా దాని వెంటపడటం మానేశాయి. చప్పుడే చేయని దానిమీద మొరిగితే తమ పరువు పోతుందనుకున్నాయి కాబోలు.

పెళ్లిళ్లకు కిరాయికి తిప్పేవాడు. పెళ్లిళ్లు లేని రోజుల్లో, వెనక సీటు మీద ఎర్ర ముఖమల్ కవరు తొడిగి ఉన్నా సరే, చేలో ఏరిన పత్తిని మూటలు కట్టి అందులోనే కుక్కి సిద్దిపేటకు తోలేవాడు. పెళ్లికూతుళ్లు దిగేటప్పుడు కొప్పులకు పత్తి పింజలు అంటుకుని దిగేవాళ్లు. ఒకావిడకైతే పూలకన్నా పత్తే ఎక్కువ కనిపించిందట.

అలాంటి కారులో ఒకరోజు స్టీరింగు వెనక పసుప్పచ్చ దీపం వెలిగింది. ఇంజన్ బొమ్మ దీపం. సిద్దిపేటలో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ యాదగిరికి ఫోన్ చేశాడు.

"మిషన్ తగిలిచ్చి సూడాలె భూపతీ. ఊకె ఎలుగది గది. ఏందో చెప్తున్నది నీకు. తీస్కరా."

"దానికేం చెప్పొస్తదే యాదన్నా, నాకన్నా ఎక్కువ?"

భూపతి దగ్గర తన వైద్యం ఉంది. డిక్కీలో ఉన్న చిన్న బ్యాటరీ వైరు పీకేసి, ఒక బీడీ కాల్చి, మళ్లీ పెట్టేస్తాడు. దీపం ఆరిపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ వెలుగుతుంది. మళ్లీ వైరు పీకుతాడు. తనను చూసి దీపం భయపడుతోందని హోటల్ దగ్గర చెప్పుకున్నాడు.

అదే రోజుల్లో అతని తల్లి బాలవ్వకు దగ్గు పట్టుకుంది. మెడికల్ షాపులో అడిగి గోలీలు తెచ్చాడు. దగ్గు తగ్గింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. మళ్లీ గోలీలు తెచ్చాడు. ఆఖరికి ఒక పొద్దున ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, గాలి అందక నోరు తెరిచి చూస్తుంటే, సిద్దిపేట దవాఖానకు ఎత్తుకుపోయారు. అక్కడ పెద్ద డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు చూసి, అద్దాలు తీసి తుడుచుకున్నాడు. డాక్టర్లు అద్దాలు తుడుచుకుంటే మంచి మాట రాదు.

"ఇంటికి తీసుకుపొండి. ఇంక ఎంతోసేపు ఉండదు," అన్నాడు.

బాలవ్వకు అర్థమైంది. ముక్కుకున్న గొట్టం పక్కకు జరిపి, కూతురు అమృతమ్మ చేయి పట్టుకుంది.

"నన్ను వాకిట్ల పండవెట్టకుండ్రి బిడ్డా. మీ బాపు లెక్క."

ఆ మాటకు అక్కాతమ్ముళ్లిద్దరూ నేలచూపులు చూశారు. వాళ్ల బాపు కరీంనగర్ దవాఖానలో పోయాడు. బయట ఊపిరి పోయిన మనిషి గడప దాటి లోపలికి రాకూడదని వాళ్ల వాడకట్టులో వీధంతా పాటించే కట్టుబాటు. కులపెద్ద ఇస్తారి అప్పుడు ఆ మాట మీదే నిలబడ్డాడు. తాను కట్టిన ఇంటి ముందు, తాను వేసిన గడప అవతల, బాపు వానలో తడిశాడు. బాలవ్వ ఆయన మొహం మీద చాట పట్టుకుని కూర్చుంది. చాట మీద వాన చప్పుడు ఇంకా చెవుల్లో ఉందని అంటుండేది.

అందుకని ఊపిరి ఉండగానే ఆమెను గడప దాటించాలి. అంతే పని. ఇంకేం లేదు.

"అంబులెన్స్ మాట్లాడుదాం తమ్మీ," అంది అమృతమ్మ.

"నా బండి ఉండంగ అవ్వ కిరాయి బండ్ల పోవుడేందక్కా? అంబులెన్స్ గతుకులల్ల ఎత్తేసుకుంట పోతది. మన దాంట్ల ఉయ్యాల్ల పండినట్టుంటది."

"మరి గా పచ్చ దీపమో?"

"ఆర్పేసిన."

"ఆర్పేస్తే అయిపాయెనా?"

భూపతి వినిపించుకోలేదు. తల్లి గొంగడిని వెనక సీటు మీద పరిచాడు. సీటు పక్కన ప్లాస్టిక్ జాలీ ఒకటి ఉంటుంది, తల్లి మోచేతికి గీసుకుంటుందేమోనని గొంగడి అంచును దాని మీదికి మడిచి గట్టిగా దోపాడు. ప్రేమతోనే దోపాడు. చిన్న ఆక్సిజన్ సిలిండర్‌ను కింద కదలకుండా పెట్టి, తల్లిని పడుకోబెట్టి దాని మాస్కు తగిలించాడు. అమృతమ్మ ఎక్కి తల్లి తలను ఒళ్లో పెట్టుకుంది.

పాత బస్టాండు దాటారు. ఊరు దాటారు. రెండు వైపులా పత్తిచేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. ఎండ చుర్రుమంటోంది. కారు నిజంగానే ఉయ్యాలలా పోతోంది. "సూసినవా అక్కా," అనబోయాడు భూపతి. నోరు తెరిచేసరికి పసుప్పచ్చ దీపం వెలిగింది.

చూడనట్టే తోలాడు. కాసేపటికి వెనక సీటులోంచి హోరు మొదలైంది, వడ్లు తూర్పారబట్టే ఫ్యానును ఎవరో సీటు కింద దాచినట్టు. తొక్కితే కారు ముందుకు దూకడం మానేసింది. పత్తి ట్రాక్టర్ ఒకటి దాటిపోయింది. దాని వెనక పచ్చగడ్డి మోపుతో టీవీఎస్ మీద పోతున్న ముసలాయన, దాటుతూ దాటుతూ కారు వైపు జాలిగా చూశాడు. సిద్దిపేట నుంచి గాలిలో కొట్టుకొచ్చిన పేపరు ముక్క కూడా దాటిపోయిందని తర్వాత వాడకట్టులో చెప్పుకున్నారు కానీ, అది నేను నమ్మను.

కుయ్యిమని చప్పుడు. ఎర్ర దీపం.

రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడలోకి ఈడ్చి ఆపాడు.

"ఏమైందిరా?"

"ఏం కాలేదక్కా."

"ఏం కాకపోతే ఎందుకాపినవు? అవ్వ దమ్ము సూడు ఎట్ల తీస్తుందో!"

అమృతమ్మ ఒక చేత్తోనే అంబులెన్స్‌కు ఫోన్ కలిపింది. ఉన్న బండి హుస్నాబాద్ వైపు పోయిందట, వచ్చేసరికి చాలాసేపు పడుతుందట. భూపతి యాదగిరికి చేశాడు.

"యాదన్నా, ఎర్ర దీపం వచ్చింది."

"బండి ఆపినవా?"

"అవ్వ ఉన్నది బండ్ల. ఇంటికి తీస్కపోతున్న."

"అయ్యో! సరే, ఆపినవా లేదా చెప్పు."

"ఆపిన."

"పొగ గిట్ల వస్తుందా? కాలిన వాసన?"

"లేదు. వెనక ఫ్యాన్ మొత్తుకుంటున్నది."

"వెనక సీటు పక్కపొంటి జాలీ ఉంటది సూడు. పెద్ద బ్యాటరీ గాడికెల్లే గాలి పీలుస్తది. దానికి ఊపిరాడక ఉడుకుతున్నది. జాలీ మీద ఏమన్న కప్పినవా?"

భూపతి వెనక తలుపు తెరిచి, గొంగడి అంచు లాగాడు. దాని కింద జాలీని సగం కప్పిన ముఖమల్ కవరును పళ్లతో కొరికి చింపాడు. జాలీ ఉండాల్సిన చోట జాలీ లేదు, పత్తి ఉంది. అరచేతి మందాన, మురికి పట్టి, దుమ్ముతో గట్టిపడి. పీకుతుంటే వస్తూనే ఉంది. ఒక దిండు కుట్టుకోవచ్చు, ఇంకా చిన్నపిల్లకు బొంత మిగులుతుంది.

"సాఫ్ చేసినవా? ఇగ ఇను. అద్దాలన్ని మూసి ఏసీ ఫుల్ బెట్టు. బండ్లకెల్లి సల్ల గాలి ఆ జాలీలకు పోవాలె. ఎర్రది ఆరినంకనే కదులు. పచ్చది ఉంటె ఉండనియ్యి, మెల్లగ పోవచ్చు. అది మినుకుమినుకుమన్నా, ఎర్రది మల్లొచ్చినా ఆపు. తొక్కకు. ఇనవడ్డదా?"

ఏసీ పెట్టాడు. చల్లని గాలి తుఫానులా కొట్టింది.

"బంద్ చెయ్యిరా!" అరిచింది అమృతమ్మ. "కాళ్లుచేతులు మంచుగడ్డలైనయి అవ్వకు. గొంగడి కప్పు."

"గొంగడి కప్పితే జాలీ మూసుకుంటదక్కా. ఏసీ లేకపోతె బండి కదలది."

"నీ బండి పాడువడ! పోయిన్నెల అవ్వ దగ్గుతె గిట్లనే గోలీలేసి దగ్గును ఆర్పినవు. ఇది గూడ గట్లనే ఆర్పినవు. నీకు ఆర్పుడు తప్ప ఏమొస్తదిరా?"

భూపతి స్టీరింగు పట్టుకుని ఎర్ర దీపం వైపే చూస్తూ కూర్చున్నాడు.

వాళ్లిద్దరి మధ్యా ఒక చేయి కదిలింది. బాలవ్వ చేయి. అమృతమ్మ కడుపు మీదికి లాగిన గొంగడి అంచును కిందికి తోసింది. సగం తోసేసరికి అలిసిపోయి ఆగి, మళ్లీ తోసింది. మాస్కు లోపల ఏదో అంది. అమృతమ్మ మాస్కు కొంచెం ఎత్తింది.

"సలి ఏం జేస్తది. ఇల్లు సూడు బిడ్డా."

ఎర్ర దీపం ఆరింది.

భూపతి కారును గుడ్డు మీద గుడ్డు పెట్టినట్టు నడిపాడు. పసుప్పచ్చ దీపం అలాగే వెలుగుతోంది. రోడ్డు కన్నా దాన్నే ఎక్కువ చూశాడు. మినుకుమంటుందేమో, ఎర్రగా అవుతుందేమోనని. బయట ఎండ మండుతుంటే లోపల పళ్లు టకటకలాడుతున్నాయి. అమృతమ్మ తన కొంగు తీసి తల్లికి చుట్టింది. రెండు చేతులతో ఆమె అరచేతులు రుద్దుతూనే ఉంది. అద్దంలో ఆ చేతులు కదలడం భూపతికి కనిపిస్తోంది.

కోహెడ చెరువు మలుపు దగ్గర మళ్లీ అద్దంలోకి చూశాడు. చేతులు కదలడం లేదు. అమృతమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఆమెను అడగలేదు. అడిగితే చెబుతుంది. కొంత దూరం పోయాక మాత్రం ఉండబట్టలేక అన్నాడు:

"ఏసీ తగ్గియ్యనా అక్కా? అవ్వకు సలి..."

"ఉండనియ్యిరా," అంది అమృతమ్మ. "అవ్వకిగ సలి లేదు."

కారు అంతే మెల్లగా పోయింది. ఇప్పుడు తొక్కితే ఏమవుతుంది, తొక్కకపోతే ఏమవుతుంది! అయినా అతను దీపాన్నే చూస్తూ, గతుకు వచ్చినచోటల్లా బ్రేకు మెత్తగా నొక్కుతూ తోలాడు. లోపల పడుకున్న మనిషి కదలకూడదన్నట్టు.

వాడకట్టంతా వాకిట్లో ఉంది. ఫోన్లు ముందే వచ్చేశాయి. లోపల నడింట్లో అలికి జాగా చేసి ఉంచారు. ఎందుకైనా మంచిదని వాకిట్లో కూడా చాప పరిచి ఉంచారు. రెండింటి మధ్యా, గడప పక్కన, ఇస్తారి నిలబడ్డాడు. ముసలివాడు. భుజాన తువ్వాల. ఊళ్లో ఎందరి ముక్కుల కిందో వేలు పెట్టి చూసిన చేయి అది.

భూపతి తల్లిని రెండు చేతుల్లో ఎత్తుకుని దిగాడు. ఆమె ఇంత తేలికని అతనికి తెలియదు. జనం జరిగారు. ఇస్తారి జరగలేదు.

"ఊపిరున్నదారా?"

"ఉన్నది పెద్దబాపూ."

ఇస్తారి అతని మొహం చూశాడు. తర్వాత అమృతమ్మ మొహం చూశాడు. ఆమె కొంగు సర్దుకోకుండా, చలికి వణుకుతూ తమ్ముడి వెనక వచ్చి నిలబడింది.

"ఉన్నది," అంది. "జర జరుగు పెద్దబాపూ. లోపటికి తీస్కపోవాలె."

ముసలివాడి చేయి బాలవ్వ ముక్కు దాకా లేచింది. అక్కడ ఆగింది. వేలు పెట్టలేదు. ఆ చేత్తోనే గడప మీది తలుపును పూర్తిగా తెరిచాడు.

భూపతి దాటాడు. అలికిన నేల మీద తల్లిని దించి, తల సరిచేశాడు. ఇస్తారి తులసాకు వేసిన నీళ్లు తెప్పించాడు. చెంచా భూపతి చేతికిచ్చాడు.

"పొయ్యి బిడ్డా."

పోశాడు. నీళ్లు నోట్లోకి పోలేదు. పెదవుల మూల నుంచి జారి, చెంప మీదుగా, మెడ మడతలోంచి నేల మీదికి కారాయి. ఇల్లంతా జనం. అందరూ చూశారు. వెనక ఎవరో గుక్క పట్టి ఆపుకున్న చప్పుడు.

ఇస్తారి కష్టంగా మోకాళ్ల మీద వంగాడు. భుజం మీది తువ్వాలతో ఆ తడిని తుడిచాడు.

"మింగింది," అన్నాడు. చుట్టూ ఒకసారి చూశాడు. ఎవరూ కాదనలేదు. "అమృతమ్మా, ఇగ నువ్వు పొయ్యి."

ఆమె పోసింది. ఆ నీళ్లనూ తుడిచాడు. బాలవ్వ మణికట్టు పట్టుకుని, నాడి వింటున్నట్టు కళ్లు మూసుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత ఆ చేతిని నేల మీద పెట్టాడు.

"ఇగ పోయింది," అన్నాడు. "ఏడువుండ్రి."