కరివేపాకు మీద నలుపు

చిట్కుల్‌లో ధనలక్ష్మి ఇంటి ముందున్న కరివేపాకు చెట్టుకు ఒక పద్ధతి ఉంది. రెమ్మ తుంచుకోవాలంటే ముందు దాని మొదట్లో ఒక చెంబు నీళ్లు పోయాలి. అడగనక్కరలేదు, తలుపు తట్టనక్కరలేదు. ఈ పద్ధతి పెట్టినవాడు ఆమె పెనిమిటి యాదన్న. బొల్లారంలో మందుల కంపెనీలో పనిచేసే రోజుల్లో ఒకసారి డ్యూటీ దిగి వస్తూ ఆ మొక్కను కంపెనీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఎవరి బిడ్డను ఎత్తుకొస్తున్నావని బస్సులో అందరూ నవ్వారట.

ఆ మొక్క ఇంటి కప్పు దాటి పెరిగింది. పొద్దున్నే మొదటి షిఫ్టు బస్సు వచ్చే వేళకు వాకిట్లో చెంబుల చప్పుడు మొదలయ్యేది. కంపెనీల్లో పనికొచ్చి కిరాయి గదుల్లో ఉండే బిహారు పిల్లలు కూడా పద్ధతి నేర్చుకున్నారు. చెంబు లేకపోతే నీళ్ల బాటిల్ వంచి పోసేవారు. యాదన్న పోయాక కూడా అది ఆగలేదు. ధనలక్ష్మి లోపల పడుకునే ఆ చప్పుళ్లు వినేది. నీళ్లు పడిన ప్రతిసారీ ఎవరో ఆయనను పేరుపెట్టి పిలిచినట్టు ఉండేది.

బతుకమ్మ పండుగ దాటాక ఆ చప్పుడు దాదాపు ఆగిపోయింది. చెట్టు నల్లబడింది.

పండుగ ముందు వానలకు గుత్తులు గుత్తులుగా చిగుళ్లు వేసింది. చూస్తుండగానే ఆ చిగుళ్లు ముడుచుకుపోయాయి, కింది ఆకుల మీద మసి పూసినట్టయింది. ధనలక్ష్మి కొంగుతో ఒక ఆకు తుడిచింది. కొంగుకు నల్లటి మరక పడింది. చిగుళ్ల మధ్య ముళ్లు ముళ్లుగా, మొసలి పిల్లల్లా పాకుతున్న పురుగులు కొన్ని కనబడ్డాయి. ఇవి కూడా తోడయ్యాయా అనుకుని, పొద్దున లేవగానే వాటిని వెతికి వేళ్లతో నలిపి పారేయడం మొదలుపెట్టింది. నలుపు మాత్రం తగ్గలేదు.

ఆ చుట్టుపక్కల నల్లగా ఏది కనబడినా ముందు అనే మాట ఒకటే. ఆరేసిన బట్ట మీద మచ్చ పడితే కంపెనీల పొగ. మేడ మీద గచ్చు నల్లబడితే పొగ. యాదన్న దగ్గి దగ్గి పోయిన జబ్బుకు ఆసుపత్రిలో ఏదో పేరు చెప్పారు కానీ, ఇంట్లో దాని పేరు కూడా పొగే. కాబట్టి వాడకట్టులో ఎవరూ చెట్టు దగ్గర వంగి చూడలేదు. దూరం నుంచి చూసి, చెంబు వెనక్కి తీసుకుపోయారు.

కొడుకు బాలరాజ్ ఇస్నాపూర్, పటాన్‌చెరు మధ్య షేర్ ఆటో నడుపుతాడు. తండ్రి పోయాక కంపెనీ గేటు తొక్కనని ఒట్టు పెట్టుకున్నవాడు. అతని భార్య రవళి కడుపుతో ఉంది.

"అమ్మా, రవళి దినాం గీ చెట్టు కిందనే కూసుంటది," అన్నాడు ఆటో కడుగుతూ. "నాయినను మింగిన పొగ ఇగ ఆకు మీదికి దిగింది. అది కూరల పడితే లోపల బిడ్డకు ఏమైతదో ఎవరికెరుక? ఆదివారం నరికేస్త."

"మీ నాయిన పెట్టిన చెట్టురా."

"నాయిన ఉంటే ఆయనే నరుకుతుండె."

వాడు అన్నది అబద్ధం కాదు. వేడి అన్నంలో కరివేపాకు పొడి కలుపుకుని తినాలని రవళి అడుగుతూనే ఉంది. ఈ ఆకుతో చేసి పెట్టడానికి ధనలక్ష్మికే చేయి రావడం లేదు. ఆమె సరే అన్నట్టు తల ఊపి లోపలికి పోయింది.

మర్నాడు పక్కింటి జైతూన్ బీ ఎప్పటిలాగే చెంబుతో వచ్చింది. గోడకు అవతల పెయింటు బకెట్లలో పుదీనా, కొత్తిమీర పెంచుకుంటుంది ఆమె. వాడకట్టులో అందరూ మానేసినా ఆమె నీళ్లు పోయడం మానలేదు. నీళ్లు పోసింది, చాలా రోజుల తర్వాత రెమ్మకు చేయి చాపింది, చటుక్కున వెనక్కి తీసింది.

"ఇదేందే ధనమ్మా, చేతికి అంటుకుంటున్నది?"

"పొగ అక్కా. గందుకే నరుకుతమంటున్నడు పిలగాడు."

జైతూన్ బీ బొటనవేలు, చూపుడువేలు కలిపి విడదీసింది. సన్నటి తీగ సాగింది. "పొగకు బంక ఏడికెల్లి వచ్చిందే? నా బట్టలు గీడనే ఆరుతయి. నా పుదీన గోడ అవతలనే ఉంది. వాటి మీద పడని పొగ నీ చెట్టు మీదనే పడ్డదా? దానికి నీతోని ఏం దుష్మనీ?"

ధనలక్ష్మి చెట్టు దగ్గరికి పోయి, చిగుళ్లు వదిలి మొదటిసారి కాండం దాకా వంగి చూసింది. కాండం మీద చీమలు బారులు కట్టి ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. ఒక ఆకును నాలుకకు తగిలించబోతే జైతూన్ బీ చేతి మీద కొట్టింది. "నీకేమన్న పాగల్ లేసిందా? ఆగు, మా ఆయన అద్దం తెస్త."

జైతూన్ బీ భర్త తాజ్ మొహమ్మద్‌కు ఇస్నాపూర్ చౌరస్తాలో గడియారాలు బాగుచేసే చిన్న డబ్బా కొట్టు ఉంది. అన్నానికి ఇంటికొచ్చిన మనిషిని తిననివ్వకుండానే ఆమె లాక్కొచ్చింది. ఆయన జేబులోంచి నల్లటి చిన్న గొట్టంలాంటి అద్దం తీసి కంటికి బిగించుకున్నాడు. ముడుచుకున్న చిగురును వేలి మీద పరుచుకుని చాలాసేపు చూశాడు.

"ఏంది భాయ్, పొగనేనా?" అని అడిగింది ధనలక్ష్మి.

"నడుస్తున్నది చెల్లె. పొగకు కాళ్లుంటయా?"

అద్దం ఆమెకు ఇచ్చాడు. ముందు ఏమీ కనబడలేదు. రెండో కన్ను మూయమన్నాడు. అప్పుడు చిగురు ఒక ఊరంత అయింది. ఆవగింజలో సగం లేని పసుపు పురుగులు ఒకదాని పక్కన ఒకటి చిగురుకు అతుక్కుని రసం తాగుతున్నాయి. వాటి వెనక నుంచి తెల్లటి సన్నని దారాలు. రెక్కలొచ్చినవి కొన్ని తల కిందికి పెట్టి, వెనక భాగం పైకి లేపి కూర్చున్నాయి. చీమలు వాటిని మీసాలతో తడుముతున్నాయి. తడిమితే ఒక మెరిసే చుక్క బయటికి వచ్చింది. చీమ దాన్ని తాగింది. తాగకుండా మిగిలిన చుక్క కింది ఆకు మీద పడింది.

బోనాల నాడు వంటింట్లో బెల్లం పాకం ఒలికిన సంగతి ధనలక్ష్మికి గుర్తొచ్చింది. తుడవగా మిగిలిన మూలకు ముందు చీమలు పట్టాయి, తర్వాత నల్లటి బూజు వచ్చింది.

"అక్కా, ఇది బూజు," అంది అద్దం తీయకుండానే. "తీపి పడ్డ కాడ పట్టిన బూజు. పొగ కాదు." ఆ మాట ఇంకోసారి అంది. జైతూన్ బీ ఆమె వీపు మీద చేయి వేసింది.

ఇంతలో అద్దంలోకి ఆ మొసలి పిల్ల ఒకటి పాక్కుంటూ వచ్చింది. ధనలక్ష్మి నలపడానికి వేలు చాపి, ఆగిపోయింది. అది ఒక పసుపు పురుగును నోట కరుచుకుని నమిలింది. అది అయిపోగానే పక్కదాన్ని పట్టింది.

"అయ్యో! నేను దినాం వీటినే నలిపిన అక్కా."

"మంచి పని చేసినవ్," అంది జైతూన్ బీ. "కాపలా ఉన్నోన్ని కొట్టి ఎల్లగొట్టి, దొంగకు చాయ్ పోసినవ్."

తాజ్ మొహమ్మద్ నవ్వాడు. "అద్దం ఉంచుకో చెల్లె. మొబైళ్లు వచ్చినంక నా కన్ను ఖాళీగనే ఉంటున్నది."

ఆదివారం బాలరాజ్ గొడ్డలి తెచ్చాడు. ధనలక్ష్మి చెట్టుకు అడ్డం నిలబడలేదు, ఏడవలేదు. అద్దం అతని చేతిలో పెట్టి, "నరుకుదువు గని, ముందు ఒకసారి సూడు బిడ్డా," అంది.

ఒక కన్ను మూసి చూడడం ఆమెకంటే వాడికే ఎక్కువసేపు పట్టింది. చూశాక ఇంకో చిగురు చూశాడు. గొడ్డలి గోడకు ఆనించాడు.

"జిన్నారంల మా దోస్తు పత్తికి కొట్టే మందు ఉంది. తెస్త. ఒక్క దెబ్బకు అన్నీ సస్తయి."

"తినే ఆకురా అది. ఆ మందు కొట్టినంక నీ పెండ్లాం నోట్ల పెడుతవా?"

బాలరాజ్ అద్దం ఆమెకు తిరిగి ఇచ్చాడు. "వచ్చే ఆదివారం దాక సూస్త," అన్నాడు. "నలుపు పోకుంటే మాత్రం నన్ను ఆపొద్దు."

ఆ రోజే పని మొదలైంది. బాగా ముడుచుకున్న చిగుళ్లను కత్తెరతో తుంచి, పురుగులు రాలిపోకుండా మెల్లగా సబ్బునీళ్ల బకెట్‌లో ముంచారు. మొసలి పిల్లలున్న కొమ్మకు ధనలక్ష్మి ఎర్ర గుడ్డ కట్టింది, దాన్ని ఎవరూ ముట్టకూడదని. ఎండ తగ్గాక కుంకుడుకాయల రసం పలుచగా చేసి ముందు ఒక రెమ్మ మీద చల్లి చూసింది. మర్నాటికి ఆ ఆకు మాడలేదు. అప్పుడు ఎర్ర గుడ్డ కొమ్మ తప్ప, ఆకుల అడుగు తడిసేలా చెట్టంతా చల్లింది. చీమలు ఎక్కకుండా గోడకు తగిలే కొమ్మలు కొట్టేసి, కాండానికి పాత గుడ్డ చుట్టి ఆముదం పట్టించారు. చీమలు అక్కడిదాకా వచ్చి, తిరిగి తిరిగి దిగిపోయాయి. పూట పూటకూ అద్దం పెట్టి చూసుకుంటూ, పురుగు మళ్లీ కనబడిన చోట మళ్లీ చల్లింది.

పురుగు తగ్గింది కానీ నలుపు ఆకును వదలలేదు. దానికి జైతూన్ బీ ఒక ఉపాయం చెప్పింది, పుట్టింట్లో నిమ్మచెట్టుకు చేసేవారట: ఉప్పు వేయని పలుచని గంజి, ఎండ ఉన్న పొద్దున.

ధనలక్ష్మి గంజి చల్లి, అరుగు మీద కూర్చుంది. మధ్యాహ్నానికి గంజి ఎండి ఆకుల మీద పొరగా లేచింది. గాలి వీచింది. ఆ పొర నల్లటి బూజును పట్టుకుని ఉల్లిపొట్టులా రాలింది. కింద ఆకు పచ్చగా మెరిసింది. ఆమె రెండు చేతులూ జోడించింది. ఎవరికని అడిగితే చెప్పలేకపోయేది. గంజికి, చీమలను ఆపిన ఆముదానికి, తాజన్న కంటికి, అందరికీ.

"అత్తమ్మా, జల్దీ రా! నీ మొసలి పిల్లను సూడు!" రవళి ఎర్ర గుడ్డ కట్టిన కొమ్మ దగ్గర నిలబడి అరుస్తోంది. ఆకుకు ముద్దలా అతుక్కున్న పురుగు వీపు పగిలింది. లోపలి నుంచి ఒక గుండ్రని పురుగు మెల్లగా బయటపడింది. ముందు పాలిపోయినట్టుండి, చూస్తుండగా ఎర్రబడి, చుక్కలు తేలింది. చిన్నప్పటి నుంచి అరచేతిలో నడిపించుకున్న అక్షింతల పురుగు.

"గింత ముద్దుగున్నదాన్నా అత్తమ్మా నువ్వు నలిపింది?"

"ఎరుక లేకపాయె బిడ్డా," అంది ధనలక్ష్మి.

ఆదివారం వచ్చింది. బాలరాజ్ జేబులోంచి తెల్ల రుమాలు తీసి ఒక ఆకు తుడిచాడు. రుమాలు చూశాడు. ఇంకో ఆకు తుడిచాడు. తర్వాత లోపలికి పోయాడు. గొడ్డలి కోసమేమోనని ధనలక్ష్మి అరుగు మీంచి లేచింది. వాడు చెంబుతో నీళ్లు తెచ్చి, వంగి, చెట్టు మొదట్లో పోశాడు. అప్పుడు ఒక రెమ్మ తుంచి రవళికి ఇచ్చాడు.

"పొడి చెయ్యుమను మీ అత్తను. మంచిగ కడిగినంకనే."

ఆ చప్పుడు విని కిరాయి గదిలోంచి ఒక బిహారు పిల్లవాడు తొంగి చూశాడు. కాసేపటికి బాటిల్ పట్టుకుని వచ్చాడు.

సాయంత్రం ధనలక్ష్మి వేయించిన పొడి ఒక గిన్నెలో పోసుకుని, ఇంకో చేత్తో ఒక రెమ్మ జాగ్రత్తగా పట్టుకుని జైతూన్ బీ ఇంటికి పోయింది. కొత్తిమీర కాడల మీద సన్నటి పచ్చ పేను పట్టిందని ఆమె పొద్దున చెప్పింది. ధనలక్ష్మి రెమ్మను కొత్తిమీర బకెట్‌లో గుచ్చింది. దాని మీద మూడు నాలుగు మొసలి పిల్లలు, ఒక ఎర్ర పురుగు.

"ఏందే ఇది?" అంది జైతూన్ బీ. "గింత చేస్తే నాకు పురుగులు తెచ్చి ఇస్తవా?"

"నా చెట్టును కాపాడినోళ్లు అక్కా. ఇంతకంటె పెద్దది నా ఇంట్ల లేదు."

జైతూన్ బీ నవ్వుతూ గిన్నె మూత తీసి, ఒక చిటికెడు పొడి నోట్లో వేసుకుంది. ఎర్ర పురుగు రెమ్మ దిగి, కొత్తిమీర కాడ ఎక్కుతోంది.