సీటెత్తు

మహేశ్వర్ ఏనాడూ యమున మీద చేయి చేసుకోలేదు. అందుకే అతని మీద ఆమె గోడు ఎవరి ముందూ నిలబడేది కాదు. తాగడు, బూతులాడడు, రాత్రికి ఇల్లు చేరతాడు. మరేం చేస్తడే నీ మొగడు అని చెల్లెలు అడిగితే, "సీటెత్తు అంటడు" అని చెప్పింది ఒకసారి. చెల్లెలు నవ్వింది. యమునకూ నవ్వే వచ్చింది. బయటికి చెబితే అది అంత చిన్న మాట మరి.

రింగు రోడ్డుకు రాళ్లు పాతుతున్న కాలం అది. ఇబ్రహీంపట్నంలో పాలు పోసేవాడి దగ్గర్నుంచి అందరూ ప్లాట్లు అమ్ముతున్నారు. మహేశ్వర్ కూడా ఎరువుల దుకాణం మూసేసి పాత వ్యాను ఒకటి కొన్నాడు. కొనేవాళ్లను పెద్ద అంబర్‌పేట్‌లో ఎక్కించుకుని, యాచారం దారిలోనూ మంచాల దారిలోనూ వెంచర్లు చూపించి తిరిగి దింపుతాడు. వచ్చేవాళ్లు భార్యలతో వస్తారు. ఆ భార్యలకు ధైర్యం కలగాలంటే ముందు సీట్లో ఒక ఆడమనిషి ఉండాలి. యమున చీకటితోనే లేచి వాళ్లకు పులిహోర కలిపి, నిమ్మకాయ నీళ్లు సీసాల్లో పోసి, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని ఎక్కేది. నడుము నొస్తోందంటే, "ఇంట్ల కూసునుడే, బండిల కూసునుడే. గదేం పని?" అనేవాడు.

ఆ వ్యానుకు ఇంజిను ముందు సీట్ల కిందే ఉంటుంది. ఎండాకాలం ప్లాటు చూసి పది నిమిషాల్లో తిరిగొచ్చేసరికి బండి మొండికేసేది. తాళం తిప్పితే ఇంజిను తిరిగేది గాని అందుకునేది కాదు. కొనేవాళ్ల ముందు పరువు పోతోందని మహేశ్వర్ దాన్ని మెకానిక్ భిక్షం దగ్గరికి తోలుకుపోయాడు. "బండి బందు పెట్టినంకనే అసలు వేడి అన్న," అన్నాడు భిక్షం. "నడిచినంతసేపు నీళ్లు తిరుగుతయ్, గాలి ఆడుతది. ఆపినవనుకో, అన్నీ ఆగుతయ్, వేడి ఆగదు. పోయి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల మీద కూసుంటది. లోపలి పెట్రోల్ మరిగి ఆవిరైతది." పొగ గొట్టానికి వేడి ఆపే పట్టీ చుట్టాడు. గొట్టానికీ ఇంజెక్టర్లకూ నడుమ తళతళలాడే రేకు అడ్డం పెట్టాడు. ఇక మూడు జాగ్రత్తలు చెప్పాడు. ఆపే ముందు కాసేపు నెమ్మదిగా తిరగనివ్వాలి, నీడలో ఆపాలి, ఆపగానే సీటు పైకెత్తి వేడిని బయటికి పోనివ్వాలి. మొదటి రెండూ మహేశ్వర్ చేయాల్సినవి, అవి అతనికి గుర్తుండేవి కావు. మూడోది యమున చేయాల్సింది, దాన్ని అతను మరవనిచ్చేవాడు కాదు.

బండి ఆగడం ఆలస్యం, "లే, సీటెత్తు" అనేవాడు. కొనేవాళ్లు గొడుగుల కింద ప్లాట్ల వైపు నడిచేవాళ్లు. సీటు నిలిపే కొక్కెం ఎప్పుడో విరిగిపోయింది కాబట్టి, వాళ్లు తిరిగొచ్చేదాకా యమున దాన్ని చేత్తో పట్టుకుని ఎండలో నిలబడేది. పైన సూర్యుడు, మొహానికి ఇంజిను సెగ. రేకు వేశాక ఇంజెక్టర్లు చల్లబడ్డ మాట నిజమే, ఆ వేడంతా ఇప్పుడు సీటుకు తగిలేది. తొడ కింద చర్మం ముందు ఎర్రబడింది, తర్వాత వలలాగా నల్లటి గీతలు దిగాయి, ఆ తర్వాత అక్కడ ఏమీ తెలియడం మానేసింది. వేడి చాయ్ గ్లాసు ఒళ్లో పెట్టుకున్నా తెలిసేది కాదు. సీటు కింద పరుపులాంటిది ఏదైనా వేయించమని అడిగింది. "ఇంజెక్టర్ పోతే బండి ఆగుతది. నీ కాలు నడుస్తనే ఉన్నది గద," అన్నాడు. అత్త అనంతమ్మ, పొయ్యి కాడ కాలలేదా, గిది కొత్తనా అంది. యమున మళ్లీ అడగలేదు. రెండు ఎండాకాలాలు గడిచాయి.

మంచాల రోడ్డు పక్కన తల్లి సత్తమ్మ యమునకిచ్చిన ఎకరం పన్నెండు గుంటల భూమి ఉంది. దాని వెనకున్న వెంచరుకు దారి లేదు. గుంటూరు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ వీరరాఘవులు, దారి ఉంటేనే కొంటానన్నాడు. భూమి నా పేరు మీదికి మారిస్తే దారి నేను తీస్త అన్నాడు మహేశ్వర్. యమున ఆ భూమిని తనకు దానంగా ఇస్తున్నట్టు గిఫ్టు కాగితాలు రాయించాడు. యమునను సంతకానికి ఏ రోజు రావాలో చెప్పాడు గాని, పెడతావా అని అడగలేదు.

ఆ రోజు వీరరాఘవులు భార్య అరుణకుమారి తనకు వెనక కూర్చుంటే వాంతులవుతాయని ముందు సీట్లో కూర్చుంది. ఊరు దాటకముందే లేచినంత పని చేసింది. "ఇదేం సీటండీ బాబూ, పెనం మీద కూర్చోబెట్టినట్టుంది. ఇందులో మనుషులు కూర్చుంటారా?"

మహేశ్వర్ అక్కడే బండి తిప్పి భిక్షం షెడ్డుకు పోయాడు. మేడమ్‌కు క్షమాపణలు చెప్పి కూల్ డ్రింకు తెప్పించాడు. భిక్షం సీటు అడుగున మందపాటి పరుపు, దాని కింద రేకు బిగించాడు. వాళ్లు కూల్ డ్రింకు తాగేంతలో పని అయిపోయింది. యమున వెనక సీట్లో కూర్చుని చూసింది. కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. కాలి మీద చెయ్యి వేసుకుంటే ఎలా ఉంటుందో, లోపలా అలాగే ఉంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో రిజిస్ట్రార్ సాహెబు తల ఎత్తకుండానే కాగితాలు తిప్పుతున్నాడు. ప్రతివాళ్లనూ అడిగే మాటే ఆమెనూ అడిగాడు, ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా అని. అక్కడ ఆ ప్రశ్న పూర్తికాక ముందే అందరూ అవ్ అనేస్తారు. మహేశ్వర్ కూడా అలాగే "అవ్ సార్" అన్నాడు.

"నిన్ను కాదయ్యా. ఆమెను చెప్పనియ్."

"లేదు," అంది యమున.

సాహెబు తలెత్తాడు. "ఏంది లేదు?"

"ఇష్టం."

మహేశ్వర్ ఆమె వైపు వంగి, గొంతు తగ్గించి, "ఇంటికాడ మాట్లాడుకుందాం, ఇప్పుడైతే పెట్టు," అన్నాడు.

"ఇంటికాడ నన్ను ఎవలు అడిగిన్రు? ఈ సారు అడిగిండు, చెప్పిన," అంది. కలం బల్ల మీద పెట్టి బయటికి నడిచి, మంచాల బస్సెక్కింది.

వీరరాఘవులు వేరేచోట కొనుక్కున్నాడు. మహేశ్వర్ ఇప్పుడు చాలా పొద్దు భిక్షం షెడ్డు దగ్గరే గడుపుతాడు. ఎవరు వచ్చి కూర్చున్నా, ఆడదాన్ని నమ్మితే ఏమవుతుందో చెబుతాడు. ఆ భూమి ఎవరిదని అడిగేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. అతను తల కొట్టుకుని లెక్క చెబుతాడు: "నాది పోయింది అన్న. ఎకరం పన్నెండు గుంటలు."